నాలుగు రోజుల అపస్వరం

"మీరు దొంగసొత్తు కొన్నారు."

తలుపు తీయగానే వినబడిన మొదటి మాట అది. నమస్కారం లేదు, ఫలానా వాళ్ళిల్లేనా అన్న ప్రశ్న లేదు. గుమ్మంలో ఒక అమ్మాయి. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్‌లో నేను నిన్ననే కొన్న గిటార్ ఫొటో.

"ఏ సొత్తండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"నీలం రంగు. రెండు కొమ్ములు. బెల్టు తగిలించే చోట కళ్ళజోడు స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూ బిగించింది నేను. అది నా గిటార్."

"మీ అన్నయ్యగారు అమ్మారు. నేను కొన్నాను. ఇందులో దొంగతనం ఎక్కడుంది?"

"మా అన్నయ్యకి గిటార్‌కీ గోడగడియారానికీ తేడా తెలీదు. తనది కానిది తనెలా అమ్ముతాడు? అమ్మితే మాత్రం మీరెలా కొంటారు?"

ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. కానీ వాన నీళ్ళు కనురెప్పల మీదుగా జారుతున్నా తుడుచుకోకుండా నన్నే చూస్తున్న ఆ కళ్ళని చూస్తుంటే, తిట్టాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎవర్రా అది? వానలో నిలబెట్టి మాట్లాడతావేంటి? లోపలికి రమ్మను" అని పక్కగదిలోంచి అమ్మ కేకేసింది. మా అమ్మ బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ నడుస్తున్నా సరే, గుమ్మంలో గుసగుస కూడా ఆవిడకి వినబడుతుంది.

ఆ అమ్మాయి లోపలికొచ్చింది. నా గది గోడ చూసింది. చూసి, ఒక్క క్షణం తిట్టడం మరిచిపోయింది.

ఆ గోడకి ఎనిమిది గిటార్లు వేలాడుతున్నాయి. నేను లిఫ్టులు రిపేరు చేస్తాను. నా జీతానికి కొత్త గిటార్ షోరూం అద్దంలోంచి చూడ్డానికే బావుంటుంది. అందుకని సెకండ్ హ్యాండ్‌వి ఏరుకుంటాను. ఒక్కోదానికి ఒక్కో పేరు. మోతలో, బరువులో దేనికీ తీసిపోనిది 'గేదె'. ఎక్కడో కాలిపోయిన ఇంట్లోంచి బయటపడింది 'బొగ్గు'. చెప్పులషాపు ఓనరు దగ్గర కొన్నది 'చెప్పులు'. మా అమ్మ మాత్రం వాటన్నిటినీ కోడళ్ళంటుంది. "ఇంతమంది కోడళ్ళున్నారు, ఒక్కతీ లేచి కాఫీ పెట్టదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది.

చవక గిటార్ కొనడం ఒక విద్య. పేరు చూసి కొనేవాడు సగం డబ్బు ఆ పేరుకే కడతాడు. నేను ముందు మెడ చూస్తాను, ఒక కన్ను మూసి, ఆ చివర్నుంచి ఈ చివర దాకా. మెడ తిన్నగా ఉంటే మిగతాదంతా బాగు చేసుకోవచ్చు. మోత చాలకపోతే తీగల కంపనం అందుకునే పికప్‌లు మార్చుకోవచ్చు. రంగు పోతే పోనీ. మోత పెంచే ఆంప్‌కి తగిలించకుండా ఉత్తినే మీటి, చెక్కని పొట్టకి ఆనించుకుంటాను. చెక్క వణికితే కొంటాను. లేకపోతే అమ్మేవాడు ఎంత తగ్గించినా కదలను.

ఈ నీలం కొమ్ములది ఇప్పుడు తయారు చేయడం లేదు. మూడేళ్ళు వెతికాను. నిన్న పొద్దున ఒకాయన ఫోన్‌లో ఫొటో పెడితే, పళ్ళయినా తోముకోకుండా పరిగెత్తాను. మెడ తిన్నగా ఉంది. చెక్క వణికింది. ఆయన "చెల్లెలిదండీ, ఇక వాయించదు" అన్నాడు. నేను రెండో ప్రశ్న అడగలేదు.

"వాయించనని నేనెప్పుడన్నాను?" అంది ఆ అమ్మాయి నేను చెప్పింది విని. గొంతు కాస్త తగ్గింది. "రెండేళ్ళు పెట్టె తెరవలేదు, నిజమే. మూల ఉన్న గిటార్‌ని చూస్తే నేను బాధపడుతున్నానని అమ్మేశాడట. నా మంచికేనట. నాకు ఆదివారం ఆడిషన్ ఉందని వాడికి చెప్పనేలేదు."

"రెండేళ్ళు ఎందుకు తెరవలేదు?"

ఎడమచేయి చూపించింది. ఉంగరంవేలి చివర తెల్లటి మచ్చ. "కళ్ళద్దాల షాపులో పనిచేస్తా. అద్దం అంచులు అరగదీసే మెషిన్‌లో పడింది. గాయం మానింది. చివర స్పర్శ ఇంకా ఉందో లేదో నాకే అనుమానం."

కూర్చోమని కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

"ఒక బ్యాండ్‌కి గిటారిస్ట్ కావాలట. వాళ్ళ డ్రమ్మర్ నా పాత స్నేహితురాలు, నా పేరు చెప్పి పెట్టింది. ఆదివారం పదింటికి పిలిచారు. ఇది గానీ కాలేదా, ఇంక గిటార్ ముట్టుకోను. ఒట్టేసుకున్నా. రోజూ ఆశపడి రోజూ ఏడవడం నా వల్ల కాదండీ." సంచీలోంచి కవరు తీసింది. "ఇదిగో మీ డబ్బు. మా అన్నయ్య దగ్గర లాక్కొచ్చా. గిటార్ ఇచ్చేయండి."

అప్పుడు నాకు చెమట పట్టింది. ఎందుకో చెప్పాలంటే, ముందురోజు మధ్యాహ్నం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

గిటార్ మెడ చివర, తీగలు ఆనుకునే చోట, చిన్న తెల్లటి ముక్క ఒకటుంటుంది. నట్ అంటారు. అందులో ఆరు సన్నటి గాట్లు. ఒక్కో తీగ ఒక్కో గాట్లో కూర్చుంటుంది. నేను వాయించే మోతకి లావు తీగలు కావాలి, శ్రుతి బాగా కిందికి దింపాలి. మీటితే కడుపులో లిఫ్ట్ దిగినట్టుండాలి. ఆ లావు తీగలు ఈ గాట్లలో పట్టలేదు. బుద్ధున్నవాడైతే మర్నాటి దాకా ఆగేవాడు. నేను ఆకురాయి తీసి ఆరు గాట్లూ గీకి పారేశాను. వెడల్పు చేయబోతే లోతు కూడా అయింది. ఇప్పుడు ఆమె సన్నతీగలు అందులో నిలవవు. వేలితో నెట్టి మెలిపెట్టి వదిలితే పక్కకి జరుగుతాయి, తిరిగి తమ చోటికి రావు. శ్రుతి తప్పుతుంది.

ఆ ముక్క మార్పిస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చూ కాదు. "ఇలా చేశానండీ, మార్పించి ఇస్తాను" అని అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"అమ్మను" అన్నాను.

"ఏంటి?"

"మూడేళ్ళు వెతికి కొన్నాను. అమ్మను. కానీ ఆదివారం దాకా రోజూ వచ్చి వాయించుకోండి. ఆడిషన్‌కి కూడా తీసుకెళ్ళండి. తర్వాత సంగతి తర్వాత. ఇప్పుడు దీనికి లావు తీగలున్నాయి, రేపటికి సన్నవి వేసి పెడతాను."

ఇలా ఎందుకన్నానో ఇప్పుడు విడమర్చి చెప్పగలను. గిటార్ మీద ఆశ ఒకటి. చేసిన తప్పు బయటపడుతుందని భయం ఇంకొకటి. మూడోది, గిటార్ ఇచ్చేస్తే ఈ అమ్మాయి గొడుగు తీసుకుని వెళ్ళిపోతుందని. ఆ మూడోది నాకప్పటికి తెలియలేదు.

ఆమె నన్నూ, గోడనూ, మళ్ళీ నన్నూ చూసింది. "మీరు మంచివాళ్ళో తిక్కవాళ్ళో తెలీడం లేదు" అంది.

"తిక్కవాడే తల్లీ" అంది అమ్మ, తువ్వాలు తెచ్చి ఆమె చేతికిస్తూ. "తల తుడుచుకో ముందు."

*

మంగళవారం ఆరింటికి వచ్చింది. గిటార్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెడ మీద చెయ్యి అటూ ఇటూ జరిపింది. తర్వాత వాయించడం మొదలుపెట్టింది.

అబ్బ! నేను వాయిస్తే సున్నం రాలుతుంది. ఆమె వాయిస్తే గోడ నిలబడి వింటుంది. అంత వేగంలోనూ ఒక్కో స్వరం విడివిడిగా, కోసినట్టు వినబడుతోంది. నేను గుటకలు మింగుతూ కూర్చున్నాను. అంతలో ఒక తీగని పైకి మెలిపెట్టి వదిలింది. స్వరం తిరిగి రావలసిన చోటికి రాలేదు. వెంట్రుకవాసి కింద ఆగిపోయింది.

ఆమె మొహం చిట్లించింది. శ్రుతి చేసుకుంది. మళ్ళీ వాయించింది. మళ్ళీ తప్పింది.

"తీగలు కొత్తవి కదా, సాగుతాయి" అన్నాను.

"అదే అయ్యుంటుంది" అంది.

మొదటి అబద్ధం అంత సులువుగా అయిపోయింది.

బుధవారం మళ్ళీ అదే. మూడుసార్లు శ్రుతి చేసుకుంది. నేను మాట మార్చడానికి, "గేదెతో ఓసారి వాయించి చూస్తారా?" అన్నాను.

"దాని మీద తీగలు కావవి, కరెంటు కేబుళ్ళు. మీ లిఫ్టులకి వాడగా మిగిలినవి తెచ్చి బిగించారా?"

"మోత కావాలంటే లావుండాలి."

"మోత చేతిలో ఉండాలి లిఫ్ట్ గారూ, తీగలో కాదు." నవ్వింది. ఆ రెండేళ్ళలో ఎంతమంది ఆ నవ్వు చూశారో గానీ, నాకు మాత్రం నాకోసమే దాచి తెచ్చినట్టనిపించింది. మరుక్షణమే చూపు గిటార్ మీదికి వెళ్ళింది, నవ్వు పోయింది. "చేతిలో ఉండాలి. అదే లేదనిపిస్తోంది నాకు."

"అలా ఎందుకనుకుంటారు?"

"ఈ వేలు ఎంత గట్టిగా నొక్కుతోందో నాకు తెలీడం లేదు. ఎక్కువ నొక్కితే స్వరం పక్కకి పోతుంది కదా. అదే జరుగుతున్నట్టుంది."

'వేలు కాదండీ, గాటు' అని నోటి దాకా వచ్చింది. 'మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?' అంటే ఏం చెప్పాలి? ఇన్నాళ్ళంటే అప్పటికి రెండు రోజులే. రెండు రోజులకే అంత బరువుగా ఉంది.

గురువారం అమ్మ ఆమెకి టీ ఇచ్చి, వెళ్ళాక నా ఎదురుగా కూర్చుంది.

"ఏరా, ఆ పిల్ల వచ్చేటప్పుడు ఉత్సాహంగా వస్తోంది, వెళ్ళేటప్పుడు మొహం వేలాడేసుకుని వెళ్తోంది. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేం అన్లేదమ్మా."

"అనకపోయినా చేసుంటావు."

నేను లేచి గేదె తీగలు తుడవసాగాను. అమ్మ ఇంకేం అడగలేదు. అడిగితే చెప్పేసేవాణ్ణేమో. పెంచిన చేతికి నా గుట్టు తెలుసు, అయినా నా నోటితో రానివ్వాలని చూసింది.

శుక్రవారం ఆమె ఆలస్యంగా వచ్చింది. వేలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుని వచ్చిందట, ఎర్రగా ఉంది. ఆడిషన్‌లో వాయించాల్సింది మొత్తం మొదటినుంచి ఎత్తుకుంది. మధ్యలో ఆ తీగ మెలిపెట్టే చోటు వచ్చింది. తప్పింది. ఆపేసి మళ్ళీ. తప్పింది. ఐదోసారి తప్పగానే గిటార్ ఒళ్ళోనే ఉంచుకుని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

శబ్దం లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"నాకు వినబడుతోందండీ" అంది చేతుల్లోంచే. "చెవి బాగానే ఉంది, అదే నా ఖర్మ. తప్పు వాయిస్తున్నానని నాకు తెలుస్తోంది. వేలే... నా వేలు చచ్చిపోయింది."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను.

"నీళ్ళు తాగుతారా?" అన్నాను.

నా మీద నాకే అసహ్యం వేసిన రోజంటూ ఉంటే అదే. నీళ్ళు తెచ్చిచ్చాను. తాగింది. "థాంక్సండీ, మీరు చాలా మంచివారు" అని చెప్పి వెళ్ళిపోయింది. చెంప మీద కొట్టినా ఆ మాటంత నొప్పి పెట్టేది కాదు.

*

శనివారం పొద్దున పదకొండుకి ఒక ఆఫీసు బిల్డింగ్‌లో లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దాయన. నేను టూల్ పెట్టె మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

'ఆడిషన్‌కి వెళ్ళడం లేదు. వాళ్ళకి మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పేస్తా. గిటార్ మీరే ఉంచుకోండి. మీ దగ్గరే బావుంటుంది.'

మెట్ల మీదే నిలబడిపోయాను. మూడేళ్ళు వెతికిన గిటార్. ఇక ఎవరూ అడగరు. గాట్ల సంగతి ఎవరికీ తెలియదు. నాకు కావలసిందంతా నా చేతిలో పడింది. అయినా ఆ మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదివాను.

"ఎవరన్నా ఉన్నారా బాబూ?" అని లిఫ్ట్ లోపలినుంచి సన్నగా గొంతు.

"ఉన్నానండీ, లిఫ్ట్ మెకానిక్‌ని. భయపడకండి."

"నేనేదో తప్పు బటన్ నొక్కానయ్యా. చూపు సరిగ్గా ఆనదు నాకు. అందరికీ ఇబ్బంది తెచ్చిపెట్టాను."

ఇరుక్కున్నవాళ్ళందరూ ముందు తమనే తిట్టుకుంటారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మా సీనియర్ నేర్పింది స్పానర్ పట్టుకోవడం కాదు, ముందు చెప్పాల్సిన మాట.

"మీ తప్పేం లేదు బాబాయ్ గారూ. తలుపు స్విచ్ అరిగిపోయింది. తప్పు మెషిన్‌ది. మీరేం చేయలేదు" అన్నాను.

లోపల పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. "అంతేనంటావా? హమ్మయ్య. చచ్చి బతికానయ్యా!"

తలుపు తెరిచి ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపాను. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ముక్కూమొహం తెలియని మనిషికి రెండు నిమిషాల్లో చెప్పిన మాట. అది ఆమెకి చెప్పకుండా, నాలుగు రోజులు ఎదురుగా కూర్చుని ఆమె తననే తిట్టుకోవడం చూశాను. 'ఛీ, నువ్వూ ఒక మనిషివేనా?' అనుకుంటూ పరుగందుకున్నాను. టూల్ పెట్టె ఎక్కడ వదిలేశానో కూడా చూసుకోలేదు.

*

కళ్ళద్దాల షాపులో ఆమె ఒకావిడకి కొత్త కళ్ళజోడు పెట్టి, "చెవి వెనక నొప్పిగా ఉందా మేడమ్?" అని అడుగుతోంది.

"మీ వేలు బాగానే ఉంది!" అన్నాను తలుపులోంచే, రొప్పుతూ.

ఆవిడ తన వేలు చూసుకుంది.

"ఫోన్ చేశారా వాళ్ళకి? చేయకండి. తప్పు వేలిది కాదు. నట్‌ది. నేను గీకాను. లావు తీగల కోసం గాట్లు గీకాను, ఆదివారం, మీరు రాకముందే. అందుకే మెలిపెడితే శ్రుతి తిరిగి రావడం లేదు. ఎవరు వాయించినా రాదు. మీరు ఒక్కసారి కూడా తప్పు వాయించలేదు."

షాపులో గోడలకున్న అద్దాలన్నిట్లో నా మొహమే. ఏ వైపు తిరిగినా నేనే.

ఆమె ఆ కళ్ళజోడు తీసి, కాడ కొంచెం వంచి, మళ్ళీ పెట్టి, "ఇప్పుడెలా ఉంది మేడమ్?" అంది. "బావుందమ్మా" అంది ఆవిడ, ఒక కన్ను నా మీదే ఉంచి. బిల్లు ఇచ్చి పంపాక నా వైపు తిరిగింది.

"ఎప్పుడు తెలుసు నీకు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇలాంటప్పుడు వస్తుందనుకోలేదు.

"సోమవారం. మీరు గుమ్మంలో ఉన్నప్పుడే."

"నిన్న నేను ఏడ్చినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"నీళ్ళిచ్చావు."

"ఇచ్చాను."

"థాంక్స్ చెప్పించుకున్నావు నా చేత." గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బావుండేది. "గిటార్ పాడుచేస్తే పోనీలే అనుకునేదాన్ని. ఆత్రం, నేనైనా గీకేదాన్నేమో. కానీ నా చెయ్యి పనికిరాదని నేను నమ్ముతుంటే చూస్తూ కూర్చున్నావే! రాత్రంతా వేలు వేడినీళ్ళలో పెట్టుకున్నాను, తెలుసా? ఎందుకు? ఎందుకు చెప్పలేదు?"

"మొదట గిటార్ పోతుందని. తర్వాత... చెప్తే ఇంక మీరు రారని."

ఆమె గోడగడియారం చూసింది.

"ఆ ముక్క మార్చడం ఎంతసేపు?"

"గంట, గంటన్నర. కానీ మ్యూజిక్ షాపు రిపేరాయన సోమవారం దాకా రాడు. గాట్లు కోయడం నాకు రాదు. నేను కోస్తే ఏమవుతుందో చూశారుగా."

"కొత్త ముక్క తీసుకురా. గిటార్ తీసుకురా. నా తీగలు, సన్నవి, కొత్త సెట్టు."

"మరి కోసేదెవరు?"

"నేను రోజంతా ఇక్కడ చేసేదేమిటనుకున్నావు?" అంది.

*

షాపు వెనకగదిలో సన్నటి బల్ల. దాని మీద కళ్ళజోడు స్క్రూల డబ్బీ, సూదుల్లాంటి ఆకురాళ్ళు, తలకి కట్టుకునే భూతద్దం. ఆమె ఒక్కో తీగ మందం కొలిచి కాగితం మీద రాసుకుంది. తెల్లముక్కని బిగించి, ఆకురాయి నాలుగుసార్లు లాగి, తీగ పెట్టి చూసి, మళ్ళీ రెండుసార్లు. నాది దీపం పట్టుకునే ఉద్యోగం.

"కొంచెం ఎడమకి" అంటుంది. జరుపుతాను. "ఊపిరి వదలకు, పొడి ఎగురుతోంది" అంటుంది. వదలను. గంటసేపు మా మధ్య నడిచిన సంభాషణ ఇంతే.

ఐదో గాటు దగ్గర ఆగింది. వేలితో తడిమింది. "ఇక్కడ గరుగ్గా ఉంది. తీగ పట్టేస్తుంది."

నాకేం కనబడలేదు. ఆమె భూతద్దం దించి చూసింది. వెంట్రుక కంటే సన్నటి పొలుసు ఒకటి లేచి ఉంది.

"ఏ వేలితో చూశారు?" అన్నాను.

ఆమె తన చెయ్యి చూసుకుంది. ఉంగరంవేలు. తెల్లమచ్చ ఇంకా ఆ గాటు మీదే ఉంది.

చాలాసేపు ఆ చెయ్యి అక్కణ్ణుంచి తీయలేదు. తర్వాత తల వంచుకుని పని పూర్తి చేసింది. తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, ఆంప్ లేకుండానే ఆ తీగని మెలిపెట్టి వదిలింది. స్వరం పైకెళ్ళి, తిరిగొచ్చి, బుద్ధిగా తన చోట కూర్చుంది. పదిసార్లు చేసింది. పదిసార్లూ వచ్చింది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడానికి ముక్కు తుడుచుకున్నాను.

"వెళ్ళు" అంది, నా వైపు చూడకుండా. "రేపు అక్కడికి రాకు. నువ్వు కనబడితే నాకు కోపమొస్తుంది, కోపంలో వేగం పెరుగుతుంది. మాట్లాడాలనిపిస్తే నేనే వస్తా. అనిపించకపోతే మా అన్నయ్య డబ్బు తెచ్చిస్తాడు. గిటార్ మాత్రం నాది."

"మీదే" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు.

*

ఆదివారం పది అయింది. పన్నెండయింది. రెండయింది. గోడకి ఏడు గిటార్లు, ఒక ఖాళీ మేకు.

"ఆ గుమ్మం వైపు ఎన్నిసార్లు చూస్తావురా? వచ్చేది వాళ్ళ అన్నయ్యో ఆ పిల్లో గానీ, నువ్వు చూస్తే తొందరగా రారు" అంది అమ్మ. అప్పటికి ఆవిడకి జరిగిందంతా చెప్పేశాను. అంతా విని, "బుద్ధి తక్కువ వెధవా" అని ఒక్క మాటే అంది. అది చాలా తక్కువ తిట్టని ఇద్దరికీ తెలుసు.

నాలుగింటికి తలుపు చప్పుడైంది. నేను లేవలేకపోయాను. అమ్మే తీసింది.

"ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు తల్లీ, పొద్దుట్నుంచీ అక్కడే అఘోరిస్తున్నాడు."

ఆమె భుజాన పెట్టెతో నేరుగా నా గదిలోకి వచ్చింది. మొహంలో ఏమీ తెలియడం లేదు. గిటార్ తీసి, ఆంప్‌కి తగిలించి, కుర్చీలో కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"ముందు విను. అక్కడ ఎలా వాయించానో అలాగే వాయిస్తా. తర్వాత ఎలా ఉందో చెప్పు."

వాయించింది. నాలుగు నిమిషాలు. మొదటి భాగానికి నా చేతుల మీద రోమాలు లేచాయి. ఆ మెలిపెట్టే చోటు వచ్చింది, స్వరం తన చోటికి తిరిగొచ్చింది, నా ప్రాణం కూడా. చివరికొచ్చేసరికి కిటికీ అద్దాలు కొట్టుకుంటున్నాయి. ఆపి, తల ఎత్తి నన్ను చూసింది.

"చెప్పు."

అద్భుతం అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఆమె కళ్ళలోకి చూస్తూ అద్భుతం అని చెప్పడం కంటే సులువైన పని ఈ లోకంలో లేదు. కానీ నాకు వినబడింది కదా. విన్నది దాచి నాలుగు రోజులు ఏం చేశానో కూడా తెలుసు కదా.

"మొదలు, చివర, నాకు మాటల్లేవు" అన్నాను. "మధ్యలో, మెలిపెట్టే చోటు దాటాక, పరిగెత్తారు. అది సరిగ్గా వచ్చిందన్న సంతోషంలో తొందరపడ్డారు. నాలుగైదు స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

ఆమె ఆంప్ కట్టేసింది. అయిపోయింది, పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది, అనుకున్నాను.

"వాళ్ళూ అదే అన్నారు" అంది. "సరిగ్గా అక్కడే. అది దిద్దుకుని బుధవారం నుంచి ప్రాక్టీసుకి రమ్మన్నారు."

"అంటే..."

"తీసుకున్నారు." అప్పుడు నవ్వింది. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వింది. "నువ్వు బావుందని ఊరుకుని ఉంటే, ఈ పెట్టె పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. మెట్ల మీద అదే అనుకుంటూ వచ్చా."

నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

"ఇంకేమన్నా దాచావా? ఉంటే ఇప్పుడే చెప్పేయ్. మళ్ళీ నాలుగు రోజులు నా వల్ల కాదు."

"ఒకటుంది."

"ఏంటది?"

"మీరంటే నాకిష్టం. సోమవారం నుంచీ. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నప్పట్నుంచీ."

"అది దాచడమంటావా? మీ అమ్మగారు గురువారమే నన్నడిగారు, మా ఇంట్లో ఎవరెవరున్నారని."

"అమ్మా!" అన్నాను పక్కగది వైపు తిరిగి. కుట్టుమిషన్ ఇంకా గట్టిగా మోగింది.

ఆమె గిటార్ మీద చేతులు పెట్టుకుని, గొంతు తగ్గించింది. "నేనూ ఒకటి దాచా. బుధవారం మా షాపు ఓనరు వాళ్ళ తమ్ముడి గిటార్ ఇస్తానన్నాడు, ఆడిషన్‌కి. మంచిది, కొత్తది. వద్దన్నాను."

"అదేంటి? అది తీసుకుని ఉంటే ఈ బాధంతా తప్పేది కదా! ఎందుకు వద్దన్నారు?"

"అది తీసుకుంటే మా ఇంట్లో కూర్చుని వాయించుకోవాలి కదా" అంది, తీగల వైపు చూస్తూ.

నాకు ఒక పట్టాన తలకెక్కలేదు. మీ ఇంట్లో అయితే ఇంకా హాయి కదా అనబోయాను. కుట్టుమిషన్ చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోలేదు.

"ఒరేయ్, అర్థమైందా, నేనొచ్చి చెప్పనా?" అంది అమ్మ పక్కగదిలోంచి.

"అర్థమైందమ్మా" అన్నాను, ఆ ఉంగరంవేలు నా చేతిలోకి తీసుకుంటూ.